ముఖం లేని రైతు

న్యూయార్క్ 53వ వీధిలోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో 2016 డిసెంబరు నుంచి 2017 మార్చి దాకా రష్యన్ అవాంగార్డ్ మీద ఒక ప్రదర్శన నడిచింది. అవాంగార్డ్ అంటే సైన్యానికి ముందు నడిచే దళం. పాత కళను వెనక వదిలేసి ముందుకు పోతున్నామని నమ్మిన చిత్రకారులకు ఆ పేరు స్థిరపడింది. 1912 నుంచి 1935 వరకు వేసినవి, తీసినవి, అచ్చు వేసినవి మొత్తం 260, అన్నీ ఆ మ్యూజియం సొంత సేకరణలోవే.

మా వదిన గుంటూరు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయింది. నేను కాలేజీలో చరిత్ర చెప్పాను. ఇద్దరం పిల్లల దగ్గరికని న్యూజెర్సీ వచ్చి ఉన్నాం. ఒక శుక్రవారం ఆ ప్రదర్శనకు వెళ్లాం. అప్పట్లో శుక్రవారం సాయంత్రాలు ఆ మ్యూజియానికి టికెట్ ఉండేది కాదు కాబట్టి జనం బాగా ఉన్నారు. అక్కడ మొదలైన వాదం తిరుగు రైల్లో కూడా సాగింది. ఇందులో నేను ఒక పక్షం, తటస్థంగా ఉన్నట్టు నటించను. వదిన మాట బలంగా ఉన్న చోట మాత్రం ఆ బలం తగ్గించలేదు.

వదిన: సుధా, ఇందాకటి నుంచి గమనిస్తున్నాను. వచ్చినవాళ్లంతా ముందు పక్కనున్న చీటీ దగ్గరికి పోతున్నారు. అది చదివాక బొమ్మ వైపు ఒకసారి తలెత్తి చూసి, వెళ్లిపోతున్నారు. ఆ చీటీలన్నీ పీకేస్తే ఇక్కడ ఏం మిగులుతుంది?

నేను: అందుకే కదా చీటీ చదవనివ్వకుండా మిమ్మల్ని ఈ తెల్లబొమ్మ ముందు నిలబెట్టాను. మాలెవిచ్ 1918లో వేశాడు. మీకు కనబడిందే చెప్పండి.

వదిన: తెల్లటి కాన్వాసు. రెండున్నర అడుగుల పైచిలుకు ఉంటుంది, నలుపక్కలా సమానం. దాని మీద ఇంకో తెల్లచదరం, పక్కకు ఒరిగి ఉంది. నా వల్ల కూడా అవుతుందని నేననను. ఆ మాట కుంచె పట్టనివాళ్లు అనేది. నా అభ్యంతరం వేరు. చూసేవాడికి పట్టుకోవడానికి ఒక కొస అయినా ఇవ్వాలి కదా. ఒక కన్నో, కొమ్మో, కనీసం ఒక నీడో. ఏమీ ఇవ్వకుండా నిలబెట్టి, నీకు అర్థం కాకపోతే తప్పు నీదే అన్నట్టుంది ఇది.

నేను: ఇంకొంచెం దగ్గరగా రండి. గీత దాటకుండా.

వదిన: ఊఁ. ఇది ఒకే తెలుపు కాదు. చదరం చల్లగా ఉంది, నీలం కలిసిన తెలుపు. వెనకది వెచ్చగా ఉంది, కాస్త పసుపు దిగింది. అంచు స్కేలు పెట్టి గీసింది కాదు. పెన్సిల్ గీత కనపడుతోంది, దాని మీద చేత్తోనే లాగాడు. నాలుగు భుజాలూ సమానంగా లేవు. కుంచె ఒక్కోచోట ఒక్కోవైపు తిరిగింది. చేతిపని ఉంది, కాదనను.

నేను: ఇదంతా మీకు ఏ చీటీ చెప్పింది?

వదిన: చీటీ చెప్పలేదు, నా ఉద్యోగం చెప్పింది. అదే నా బాధ కూడా. లక్నో చికన్ పనిలో తెల్లబట్ట మీద తెల్లదారం చూస్తాం. దూరం నుంచి ఏమీ ఉండదు, దగ్గరికొస్తే పువ్వు లేస్తుంది. అక్కడ దగ్గరికొచ్చినందుకు ఒక ఫలితం ఉంది. ఇక్కడ ఇంత శ్రమపడి దగ్గరికొస్తే నాకు దొరికింది ఇంకో చదరం.

నేను: పువ్వు దొరకాలని ముందే అనుకుని వచ్చారు కాబట్టి అలా అనిపిస్తోంది. నాకు ఆ ఒరిగిన చదరం చూస్తే అది అక్కడ ఆగి లేదనిపిస్తుంది. ఇంకో క్షణంలో కాన్వాసు దాటి పోతుంది. ఏ వస్తువూ లేకుండా కదలికను చూపించాడు. మోసేది లేదు, మోయబడేది లేదు, బరువు లేదు. ఇంతకుముందు ఎవరు చేశారు అది?

వదిన: ఎవరూ చెయ్యలేదన్నంత మాత్రాన చెయ్యదగ్గదవుతుందా?

(ఈ ప్రశ్నను నేను అప్పుడు దాటేశాను గానీ ఇది చాలా పెద్ద ప్రశ్న. అవాంగార్డ్ అనే పేరులోనే ముందుకు పోవడం మంచిదన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం నాకు ఉంది, వదినకు లేదు. మా మధ్య వాదం చాలావరకు ఇక్కడి నుంచే వస్తుంది.)

నేను: ఇది ఉన్నట్టుండి ఊడిపడలేదు వదినా. మూడేళ్ల ముందు, 1915 డిసెంబరులో, పెట్రోగ్రాడ్‌లో "0,10" అనే ప్రదర్శన జరిగింది. మాలెవిచ్ 39 బొమ్మలు పెట్టాడు. వేటిలోనూ మనకు తెలిసిన వస్తువు లేదు. అందులో నల్లచదరాన్ని రెండు గోడలు కలిసే మూలన, పైకప్పుకు దగ్గరగా తగిలించాడు. రష్యన్ ఇళ్లలో అది దేవుడి పటం పెట్టే మూల.

వదిన: సరిగ్గా అదే నాకు గిట్టనిది. ఆ పటానికి దణ్ణం పెట్టుకునే ముసలమ్మకు అందులో ఎవరున్నారో తెలుసు, ఆ కథ తెలుసు, ఆ పటం తన తల్లి కాలం నుంచి అక్కడే ఉందని తెలుసు. ఆమెను అడక్కుండా అక్కడ నల్లచదరం పెట్టడం ధైర్యం కాదు, దౌర్జన్యం.

నేను: ఆ ముసలమ్మ ఇంట్లో పెట్టలేదు కదా, ప్రదర్శనలో పెట్టాడు. పైగా అది ఏ కాలం? ఏడాది దాటి యుద్ధం నడుస్తోంది. ఆ ఏడాది రష్యన్ సైన్యం చాలా వెనక్కి తగ్గింది. రైతుబిడ్డలు లక్షల్లో పోయారు. పటాలన్నీ మూలల్లో అలాగే ఉన్నాయి, పాత అర్థాలే చెబుతున్నాయి. ఆ అర్థాలు చాలడం లేదన్న సంగతి ఎవరో ఒకరు బయటికి అనాలి కదా.

వదిన: యుద్ధం గురించి నువ్వు చెబుతున్నావు. చదరం చెప్పడం లేదు. పికాసో గుయెర్నికా వేశాడు చూడు, అందులో గుర్రం అరుస్తుంది, తల్లి చేతుల్లో పిల్ల ఉంటుంది. అది కూడా కొత్త పద్ధతే. దాన్ని నేను ఒప్పుకుంటాను. ఎవరూ చెప్పక్కర్లేకుండా నాకు తగిలింది.

నేను: గుయెర్నికా 1937ది. ఇరవై రెండేళ్ల తర్వాతది. మధ్యలో ఈ నల్లచదరం వంటివి దారి తెరవకపోతే...

వదిన: ఆ 'తెరవకపోతే' అన్న లెక్క ఎవరు చూశారు? పికాసో ఈ చదరాన్ని చూసి వేశాడా?

నేను: లేదు. ఆ ఒక్క బొమ్మకు అలా ముడిపెట్టలేను. కానీ నల్లచదరం ఒక్క విసురులో పూసిన నలుపు కాదన్నది మాత్రం రుజువైంది. 2015లో మాస్కో త్రెత్యాకోవ్ గ్యాలరీవాళ్లు ఎక్స్‌రే తీస్తే నలుపు కింద రెండు వేరే రంగుల బొమ్మలు బయటపడ్డాయి. ఒకటి వేసి, దాని మీద ఇంకోటి వేసి, ఆ రెంటినీ మూసి చదరం దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు ఆ నలుపంతా పగుళ్లిచ్చి లోపలి రంగులు కనపడుతున్నాయి.

వదిన: అది నాకు నచ్చింది. వెతికాడన్నమాట. అయినా వెతికినవాడి కష్టం వేరు, చూసేవాడికి అందేది వేరు. ఒక పిల్ల రాత్రంతా కూర్చుని వేసిందని నేను మార్కులు వెయ్యను, కాగితం మీద ఏముందో చూసే వేస్తాను.

అక్కడి నుంచి పక్క హాలుకు వెళ్లాం. రోద్చెంకో చేసిన ప్లైవుడ్ నిర్మాణం ఒకటి పైనుంచి తీగతో వేలాడుతుంది. ఒకే ప్లైవుడ్ పలకను ఒకదాన్లో ఒకటి ఇమిడే కోడిగుడ్డు వలయాలుగా కోసి, ఒక్కోదాన్ని ఒక్కోవైపు తిప్పి నిలిపాడు. అల్యూమినియం రంగు పూశాడు. అన్నీ వెనక్కి మడిస్తే మళ్లీ ఒక్క పలక అవుతుంది. 1920 ప్రాంతంది. వదిన దాని చుట్టూ తిరిగి, వంగి, నేల మీద పడ్డ నీడను చాలాసేపు చూసింది.

వదిన: ఇది బాగుంది. ఎందుకు బాగుందో చెప్పనా? దీనికో నియమం ఉంది. పలకలో ఒక్క ముక్క కూడా వృథా పోలేదు. ఎలా చేశాడో నేను కళ్లతో కనుక్కోగలను. పిల్లల చేత అట్టతో చేయించొచ్చు. నీ తెల్లబొమ్మలో నేను కనుక్కోవలసిందేమీ లేదు, నమ్మవలసిందే ఉంది.

నేను: అదే మనిషి దీనికి రెండేళ్ల ముందు నలుపు మీద నలుపు వేశాడు. మాలెవిచ్ తెల్లబొమ్మలూ ఈయన నల్లబొమ్మలూ 1919లో మాస్కోలో ఒకే ప్రదర్శనలో ఎదురుపడ్డాయి. 1921లో ఉత్త ఎరుపు, ఉత్త పసుపు, ఉత్త నీలం, మూడు కాన్వాసులు పెట్టి, ఇక చిత్రలేఖనం అయిపోయిందని ప్రకటించాడు. ఆ తర్వాత పోస్టర్లు, పుస్తకాల అట్టలు, ఫోటోలు, కవి మయకోవ్‌స్కీతో కలిసి ప్రభుత్వ దుకాణాల ప్రకటనలు. ఆ నల్లబొమ్మ వెయ్యనివాడు ఈ ప్లైవుడ్ చేసేవాడు కాదు.

వదిన: మళ్లీ అదే లెక్క. సరే, నేనొకటి అడుగుతాను. వీళ్లలో ఆడవాళ్లు ఎక్కువగానే ఉన్నారే, పొపోవా, రొజనొవా, స్తెపానొవా, ఎక్స్‌టర్. మన దగ్గర ఆ కాలానికి ఇంతమంది పేర్లు చెప్పగలమా? ఇది మాత్రం నాకు సంతోషంగా ఉంది.

నేను: పొపోవా బట్టల వ్యాపారుల ఇంట్లో పుట్టిన పిల్ల. 1923లో తనూ స్తెపానొవా మాస్కోలో బట్టల అద్దకం మిల్లుకు డిజైన్లు గీయడానికి చేరారు. ఆ మరుసటి ఏడాదే పొపోవా స్కార్లెట్ జ్వరంతో పోయింది, ముప్పై అయిదేళ్లకే. కొడుకు పోయిన కొన్ని రోజులకే తనూ పోయింది.

వదిన: అయ్యో. ఆ బట్టలు జనం కట్టుకున్నారా?

నేను: కట్టుకున్నారు. గళ్లు, వలయాలు, అడ్డగీతలు, రెండు మూడు రంగులకు మించకుండా. మీకు ఇంకో సంగతి చెబుతాను, ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మాలెవిచ్ తన చదరాల కళకు పెట్టుకున్న పేరు సుప్రిమాటిజం. అది జనం కంట పడింది మొదట కాన్వాసు మీద కాదు, కుట్టుపని మీద. "0,10" కంటే నెల ముందు, 1915 నవంబరులో, మాస్కోలో ఒక చేతిపనుల ప్రదర్శన పెట్టారు. ఉక్రెయిన్‌లో వెర్బోవ్కా అనే ఊళ్లో నటాలియా దావీదొవా నడిపిన కుట్టుపని కేంద్రం సరుకు అందులో ఉంది. మాలెవిచ్ ఇచ్చిన డిజైన్లతో రెండు స్కార్ఫులూ ఒక దిండు గలీబూ పెట్టారు. పల్లెటూరి ఆడవాళ్లు దారంతో కుట్టారు వాటిని.

వదిన: చూశావా! ఇంత పెద్ద సంగతి దాచిపెట్టి, నన్ను తెల్లగోడ ముందు నిలబెట్టావు. ఆ కుట్టుపని ఇక్కడుందా?

నేను: ఇక్కడ కనపడలేదు.

వదిన: ఆ ఆడవాళ్ల పేర్లు?

నేను: గోడల మీద ఎక్కడా లేవు.

వదిన: ఇప్పుడు నా మాట విను. గొలుసుకుట్టో కాడకుట్టో, ఆ నల్లచదరాన్ని బట్ట మీద నింపాలంటే దారం బిగువు ఒక్కచోట తప్పినా బట్ట ముడుచుకుంటుంది. మూలలు పదునుగా రావాలి. అది కాన్వాసు మీద పూయడం కంటే తక్కువ పనేం కాదు. ఆ ఆడవాళ్లు ఎప్పటి నుంచో చదరాలూ శిలువలూ కుడుతూనే ఉండి ఉంటారు, పల్లె కుట్టుపనుల్లో ఉండేవే అవి. మాలెవిచ్ చిన్నప్పుడు ఎక్కడ పెరిగాడు?

నేను: ఉక్రెయిన్ పల్లెల్లోనే. తండ్రిది పంచదార మిల్లుల్లో ఉద్యోగం. రైతుల ఇళ్ల గోడల మీది బొమ్మలూ, కుట్టుపనులూ చూస్తూ పెరిగానని తనే రాసుకున్నాడు.

వదిన: మరి ఎవరు ముందు నడిచారు, ఎవరు వెనక నడిచారు? వాళ్ల దగ్గర చూసింది తీసుకెళ్లి, పేరు పెట్టి, తత్వం చెప్పి, దేవుడి మూలన తగిలించాడు. ఆయన పేరు న్యూయార్క్ గోడ మీద ఉంది. వాళ్లది లేదు. చికన్ పని ఎత్తినందుకు నువ్వు నవ్వావు ఇందాక. నేనన్నది సరిగ్గా ఇదే.

నేను: నవ్వలేదు వదినా. పేర్లు లేకపోవడం అన్యాయమే, దాంట్లో మీతో ఉన్నాను. కానీ కుట్టుపనిలో చదరం ఒక అంచుకో, పూవు పక్కనో నింపుడుకో ఉంటుంది. దాన్ని ఒంటరిగా నిలబెట్టి, ఇది దేనికీ అలంకారం కాదు, ఇదే విషయం అనడం వేరే పని. ఆ పని ఆయన చేశాడు. మన గగనేంద్రనాథ్ టాగోర్ ముక్కలు ముక్కలుగా వెలుగునీడలు పరిచి వేసిన బొమ్మలు 1922 డిసెంబరులో కలకత్తాలో కాండిన్‌స్కీ, క్లే బొమ్మలతో పాటు ఒకే ప్రదర్శనలో ఉన్నాయి. జర్మనీలోని బౌహౌస్ అనే కళల బడి నుంచి తెప్పించారు ఆ ఇద్దరి బొమ్మల్ని. ఆ కాలంలోనే మనవాళ్లకు ఇది పరాయి సంగతి అనిపించలేదు.

వదిన: కలకత్తాలో కొందరికి అనిపించలేదు. అంతవరకే చెప్పు.

అప్పటికి ఒక అద్దాల బల్ల దగ్గరికి వచ్చాం. చిన్న చిన్న పుస్తకాలు తెరిచి పెట్టి ఉన్నాయి. అక్కడ నేను వదినతో ఎల్ లిసిట్స్కీ పిల్లల పుస్తకం గురించి మాట్లాడాను. 1920లో విటెబ్‌స్క్‌లో గీసి, 1922లో బెర్లిన్‌లో అచ్చు వేయించాడు. కథంతా రెండు చదరాలదే. ఒక నల్లచదరం, ఒక ఎర్రచదరం దూరం నుంచి ఎగురుకుంటూ భూమి మీదికి వస్తాయి. అక్కడంతా నల్లగా, కలగాపులగంగా ఉంటుంది. ఒక దెబ్బ కొడతాయి, అన్నీ చెల్లాచెదురవుతాయి, దాని మీద ఎర్రగా కొత్తది కట్టుకుంటుంది. అక్షరాలు కూడా వాలుతూ, పడుతూ, పెద్దవై చిన్నవై పేజీ అంతా పరుగెడతాయి.

వదిన: రష్యన్ పిల్లల పుస్తకాలంటే మన ఇంట్లో ఎన్ని ఉండేవి! విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్ ఊళ్లోకి వస్తే మీ అన్నయ్య జీతంలో కొంత అక్కడే పెట్టేవారు. మందపు అట్ట, రంగులు కళ్లకు కట్టినట్టుండేవి. 'సోవియట్ భూమి' కాగితాలతో పిల్లల నోటుపుస్తకాలకు అట్టలు వేసేదాన్ని. వాటిలో ఎలుగుబంటి ఎలుగుబంటిలాగే ఉండేది, తాతయ్య తాతయ్యలాగే ఉండేవాడు. పిల్లలు ఎలా అతుక్కుపోయేవారో నాకు తెలుసు. ఈ రెండు చదరాల పుస్తకం ఇస్తే అతుక్కునేవారా?

నేను: ఆ పుస్తకాలు అంత పొందికగా, పేజీలో ఖాళీ అంత ధైర్యంగా వదలడం ఎక్కడ నేర్చుకున్నాయంటారు? ఈ తరం పుస్తకాల్లో నేర్చుకున్నదే అది. మనకు చేరేనాటికి నేర్పినవాళ్ల పేర్లు చెప్పడానికి వీల్లేదంతే. 1932 ఏప్రిల్‌లో కళాకారుల సంఘాలన్నీ రద్దు చేస్తూ కమ్యూనిస్టు పార్టీ తీర్మానం చేసింది. తర్వాత సోషలిస్టు వాస్తవికత ఒక్కటే దారి. ఈ బొమ్మలు మ్యూజియంల గోదాముల్లోకి పోయాయి. పోస్టర్లు వేసిన క్లుత్సిస్‌ను 1938లో కాల్చి చంపారు. కొస్తాకిస్ అని మాస్కోలో ఎంబసీ ఉద్యోగం చేసుకునే గ్రీకు దేశస్థుడొకాయన ఈ బొమ్మల కోసం ఇల్లిల్లూ తిరిగాడు. ఒకచోట పొపోవా ప్లైవుడ్ మీద వేసిన బొమ్మను కిటికీకి అడ్డం కొట్టి ఉన్నారు. కిటికీ ఎలా మూసుకోవాలని ఇంటివాళ్లు అడిగితే, అదే కొలతకు వేరే ప్లైవుడ్ ముక్క కోయించి తెచ్చి ఇచ్చి, బొమ్మ తీసుకెళ్లాడు. ఇందాక మీకు నచ్చిన ఆ వేలాడే నిర్మాణం ఇక్కడికి చేరడం వెనక కూడా ఆయన, ఆయన భార్య ఉన్నారు.

వదిన: ఆయన మంచి పని చేశాడు. కానీ సుధా, నిషేధించారు కాబట్టి మంచి బొమ్మ అనడం కుదరదు. చంపినవాడు దుర్మార్గుడన్నంత మాత్రాన చచ్చినవాడి బొమ్మకు కొత్త గుణం రాదు. నువ్వు ప్రతిసారీ బొమ్మ గురించి అడిగితే మనిషి గురించి చెబుతున్నావు.

ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. చరిత్ర చదివినవాళ్లం బాధితుడి వైపు ఒరిగిపోతాం, ఒరగాలి కూడా. బొమ్మను తూచేటప్పుడు ఆ బరువు ఎంతవరకు వెయ్యొచ్చన్నది వేరే సంగతి. బయటికొచ్చాక వదిన ఇంకో అడుగు ముందుకేసింది.

వదిన: ఇంకోటి చెప్పు. వీళ్లు కళను మ్యూజియం గోడల మీంచి దించి మిల్లులోకి, వీధిలోకి తీసుకెళతామన్నారు కదా. మరి వాళ్ల బొమ్మలన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి? రాక్‌ఫెల్లర్ల ఇంటి ఇల్లాలు పూనుకుని పెట్టిన మ్యూజియంలో.

నేను: అబీ రాక్‌ఫెల్లర్, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కలిసి 1929లో పెట్టారు. మొదటి డైరెక్టర్ ఆల్ఫ్రెడ్ బార్ అంతకు ముందే మాస్కో వెళ్లి వీళ్లను కలిసి వచ్చాడు. 1935లో జర్మనీ నుంచి మాలెవిచ్ బొమ్మలు కొన్నిటిని గొడుగులో చుట్టుకుని బయటికి తెచ్చాడు. అక్కడ అప్పటికే నాజీలు ఇలాంటి బొమ్మల మీద పడ్డారు. ఆ గొడుగు లేకపోతే ఏమయ్యేవో. మ్యూజియానికి చేరడం ఓటమి అంటారు మీరు. నేను ప్రాణం దక్కడం అంటాను.

వదిన: ప్రాణం దక్కింది, ఒప్పుకుంటాను. కానీ బతికింది చేద్దామనుకున్న పని కాదు. పొపోవా బట్ట అద్దాల్లో ఉండటానికి వెయ్యలేదు. నేను కొలిచేది దాంతోనే. ఆ తెల్లబొమ్మను నువ్వెంత మెచ్చుకున్నా, అది ఈ గోడ మీద తప్ప ఎక్కడా బతకదు. పొపోవా గళ్లు నా ఒంటి మీద కూడా బతుకుతాయి.

నేను: రోద్చెంకో సంగతి చూడండి మరి. ఆయన నిజంగానే వీధిలోకి వెళ్లాడు, ప్రభుత్వం అడిగిన పని చేశాడు. 1933లో తెల్ల సముద్రం నుంచి బాల్టిక్ సముద్రానికి తవ్విన కాలువ ఫోటోలు తీశాడు. 227 కిలోమీటర్లు, ఖైదీలు పారలతో, తోపుడు బళ్లతో తవ్వారు. వేలమంది చచ్చిపోయారక్కడ. ఆయన ఫోటోలు ప్రభుత్వ పత్రికలో ఆ కాలువ ఘనత చెప్పడానికి పనికొచ్చాయి. జనానికి పనికొచ్చే కళ అన్న దారి అక్కడికీ చేరింది. గోడ మీద ఒంటరిగా ఉన్న తెల్లచదరం ఎవరి ప్రాణానికీ అడ్డం పడలేదు.

వదిన: నువ్వే తలుపు తీశావు కాబట్టి నా మనసులో ఉన్నది పూర్తిగా చెబుతాను. ఈ హాళ్లన్నీ తిరిగాక నాకు పట్టుకున్న భయం ఒకటుంది. మనిషిని తీసేసి చదరం పెట్టడం, ఫోటోల్లో మనిషిని పైనుంచి చూసి గీతగా, చుక్కగా పేర్చడం... కంటికి అది అలవాటైతే, కాలువ తవ్వేవాడు కూడా చుక్కలాగే కనబడడూ? స్కూల్లో నేను ముందుగా ముఖం గీయించేదాన్ని. ఎదుటివాణ్ణి చూసి గియ్యండ్రా అని ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టేదాన్ని. గంటసేపు ఒకడి ముఖం చూసినవాడు వాణ్ణి మర్నాడు కొట్టడానికి వెనకాడతాడు. ఇది నేను కళ్లారా చూశాను. ముఖం వదిలేసిన కళ ఏం పోగొట్టుకుంటుందో అదీ.

(వదిన ఈ సాయంత్రమంతా చెప్పినవాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. ఇది ఊరికే ఇష్టాయిష్టాల మాట కాదు. దీన్ని ఎదుర్కోకుండా ఎవరూ ఆ తెల్లబొమ్మను మెచ్చుకోకూడదు.)

నేను: అయితే ముఖాలు వేసినవాళ్ల సంగతి కూడా చూద్దాం వదినా. సోవియట్ చిత్రకారుడు గెరాసిమోవ్ 1937లో ఒక పెద్ద బొమ్మ వేశాడు, సమష్టి క్షేత్రంలో పండుగ. ఎండ కాస్తోంది, బల్ల నిండా తిండి, ప్రతి రైతుకూ ముఖం ఉంది, ప్రతి ముఖం మీదా సంతోషం. అది వెయ్యడానికి నాలుగేళ్ల ముందు ఉక్రెయిన్‌లో రైతులు తిండి లేక లక్షల్లో చచ్చిపోయారు. వాళ్ల ధాన్యం వాళ్ల కళ్ల ముందే ఎత్తుకుపోయారు. ఆ బొమ్మలో చెయ్యి తిరిగిన పని ఉంది, షేడింగ్ ఉంది, మీరడిగిన కొసలన్నీ ఉన్నాయి. అంత చక్కగా వేసిన అబద్ధం అది.

వదిన: అది వేసినవాడి తప్పు, ముఖం తప్పు కాదు.

నేను: ఆ రోజుల్లోనే మాలెవిచ్ మళ్లీ మనుషుల్ని వెయ్యడం మొదలుపెట్టాడు. మీకు ఆ సంగతి చెప్పలేదు. 1928 నుంచి కొన్నేళ్ల పాటు రైతుల్నే వేశాడు. పొలంలో నిలబడి ఉంటారు. వెనక రంగురంగుల అడ్డపట్టీలు, అవే దుక్కి చాళ్లు. ఒంటికి చొక్కాలుంటాయి, గడ్డాలుంటాయి. ముఖం ఉండదు. ముఖం ఉండాల్సిన చోట ఖాళీ. ఒక దాంట్లో పసుపు చొక్కా మనిషి, వెనక ఎర్రటి ఇల్లు. ఆ ఇంటికి తలుపు లేదు, కిటికీ లేదు. మధ్యలో 1930లో ఆయన్ని అరెస్టు చేసి ప్రశ్నించి వదిలారు.

వదిన: చేతులున్నాయా వాళ్లకు?

నేను: కొందరికి లేవు.

వదిన: ...అది వేరే బొమ్మ సుధా. అది ముఖం అక్కర్లేదని వేసింది కాదు. ముఖం తీసేసుకున్నారని వేసింది.

నేను: కానీ వేసినవాడు ఒకడే. ఇన్నేళ్లూ ఖాళీతో పనిచేసిన చెయ్యి కాబట్టే ఆ ముఖంలో ఖాళీ పెట్టగలిగింది. ఇంకెవరైనా అయితే కన్నీళ్లు పెట్టేవారు, లేకపోతే గెరాసిమోవ్‌లాగా నవ్వు పెట్టేవారు. తెల్లచదరంలో ఆయన వెతికింది, పదేళ్ల తర్వాత రైతు ముఖం దగ్గర పనికొచ్చింది. నేను ఆ తెల్లబొమ్మను కాపాడుకుంటున్నది ఈ కారణానికే. 1935లో ఆయన పోయినప్పుడు మంచం పైన గోడకు నల్లచదరాన్ని పెట్టారు. చివరిదాకా దాన్ని వదులుకోలేదు.

వదిన: నీ లెక్క బాగుంది గానీ, దాని అర్థం ఏమిటో చూడు. తెల్లబొమ్మ అభ్యాసం, రైతు బొమ్మ ఫలితం అంటున్నావు. మరి గోడ మీద ఉండాల్సింది ఏది? అభ్యాసపు కాగితాన్ని ప్రపంచమంతా వచ్చి చూస్తోంది. ఫలితం ఎక్కడుంది?

నేను: చాలావరకు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, రష్యన్ మ్యూజియంలో. ఆ పసుపు చొక్కా మనిషి కూడా అక్కడే. నేను అభ్యాసం అనలేదు వదినా. మీరు ఆ మాట తగిలిస్తున్నారు. రైతు బొమ్మ లేకపోయినా తెల్లబొమ్మ తన కాళ్ల మీద తను నిలబడుతుంది.

వదిన: నాకు నిలబడలేదు. ఆ రైతుల్ని కళ్లతో చూసేదాకా నిలబడదు. వచ్చే ఏడు మీ మేనల్లుడు యూరప్ తిప్పుతానంటున్నాడు కదా. పారిస్ వద్దులే, పీటర్స్‌బర్గ్ పెట్టమను. ఆ పసుపు చొక్కా ముందు నిలబడి, దానికి ఈ తెల్లచదరం అవసరమైందో లేదో నేనే చూసి చెబుతాను. చీటీ మాత్రం నువ్వు చదవకూడదు.